దైవసేవకుని విధవరాలు: సారా బోర్డ్‌మన్ దొరసానిగారి జీవితము

పాఠ్యభాగము: 2 రాజులు 4:1–7. కూడ చదువవలసినవి: లూకా 2:36–38, 1 తిమోతి 5:3–16.



ఈ మాసపు పాఠ్యభాగము ఒక సేవకుని విధవరాలిని గూర్చినది. ఆమె పేరు గ్రంథములో లేదు, ఆమె భర్త పేరును లేదు. అతడు ప్రవక్తల శిష్యులలో ఒకడనియు, దేవుని భయము గలవాడనియు, అప్పు మిగిల్చి చనిపోయెననియు మాత్రమే మనకు తెలియుచున్నది. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులనుగా పట్టుకొని పోవుటకు వచ్చి యున్నాడు. ఆమె ఎలీషాయొద్దకు వచ్చి మొఱపెట్టినప్పుడు అతడు ఏమి అడిగెనో గమనింపుడి. నీ పుట్టినిల్లు ఎక్కడ, నీ అన్నదమ్ములు ఎవరు అని అడుగలేదు. ఇంటిలో ఏమున్నదని అడిగెను. ఒక నూనె కుండ తప్ప మరేమియు లేదు. ఆ కుండతోనే దేవుడు కార్యము మొదలు పెట్టెను.

మన సంఘములలో కాపరి చనిపోయినప్పుడు సమాధి కార్యక్రమము ఘనముగానే జరిగింతుము. పూలదండలకు, ప్రసంగములకు కొదువ యుండదు. కాని నెల తిరుగక మునుపే ఆ యిల్లు ఎన్నడు ఖాళీ చేయుదురని కబురు పోవును. ఇరువది యేండ్లు స్త్రీల కూటము నడిపి, ఆదివారపు బడి పిల్లలకు వాక్యములు నేర్పి, పురిటింటికిని చావింటికిని భర్తకంటె ముందుగా నడచిన ఆ తల్లిని, నీ చేతిలో ఏ పని యున్నదమ్మా అని అడుగువారు అరుదు. ఆమె భర్తతోకూడ ఆమె పనియు సమాధి చేయబడినట్లే చూచెదము. ఎలీషా అడిగిన ప్రశ్న మనము అడుగుట లేదు.

ఈ సంగతిని ధ్యానించుటకు బర్మా దేశములో సేవ చేసిన ఒక విధవరాలి చరిత్ర మనకు మిక్కిలి సహాయము చేయును. బర్మా, అనగా ఇప్పటి మ్యన్మారు, మనకు క్రొత్త పేరు కాదు. మన తాతల నాట కాకినాడలోను విశాఖపట్టణములోను ఓడ యెక్కి రంగూనుకు పోయినవారు మన ఊళ్లలో ఎందరో యుండిరి. మరియు 1836లో విశాఖపట్టణమునకు వచ్చి, పిమ్మట 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే దొరగారిని తెలుగువారియొద్దకు పంపిన అమెరికా బాప్టిస్టులే, అంతకుముందు ఈమెను ఈమె భర్తను బర్మాకు పంపిరి. కనుక ఈమె కథ మన యింటి కథకు దూరమైనది కాదు.

ఆమె కన్నవారింటి పేరు సారా హాల్. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందు ఆల్‌స్టెడ్ అను గ్రామములో 1803 నవంబరు 4వ తేదీన జన్మించెను. తండ్రి రాల్ఫ్ హాల్, తల్లి అబయా. వారికి కలిగిన పదముగ్గురు సంతానములో సారా మొదటిది. ఆమె చిన్నతనములోనే ఆ కుటుంబము మసాచుసెట్స్ రాష్ట్రమునకు వచ్చి, తుదకు సేలెమ్ అను రేవుపట్టణములో కాపురముండెను. ఇల్లు పేదది. పదముగ్గురు పిల్లలుగల పేద యింటిలో పెద్దకూతురి బ్రదుకు ఎట్లుండునో మన తల్లులకు ఎవరును చెప్పనక్కర లేదు. చంకలో ఒక బిడ్డ, చెంగు పట్టుకొని మరియొక బిడ్డ. బడికి పోవలసిన ఏడు తల్లికి చేదోడుగా ఇంటనే నిలిచిపోవలసి వచ్చెను. అయినను ఆమె పుస్తకమును విడువలేదు. ఇంటిపని ముగిసిన పిమ్మట తానే చదువుకొనెను. తరువాత చిన్నపిల్లలకు చదువు చెప్పి, ఆ సంపాదనతో తన చదువు సాగించుకొనెను. పద్యములు వ్రాయుట ఆమెకు చిన్ననాటనే అలవడెను.

ఈ సంగతులను నేను ఊరక వ్రాయుట లేదు. మిషనెరీల చరిత్రలు చదువునప్పుడు మనము ఓడ యెక్కిన దినమునుండి మొదలు పెట్టెదము. కాని దేవుడు అంతకు మునుపే, ఆ యిరుకైన యింటి వంటగదిలోనే ఈమెను సిద్ధపరచెను. ఒంటిచేతితో ఇల్లు నడపుట, లేమిలో కలవరపడకుండుట, తనకు లేని చదువును తానే సంపాదించుకొని ఇతరులకు పంచిపెట్టుట, ఈ మూడును ఆమె కన్నవారింటనే నేర్చుకొనెను. తరువాత టవాయి పట్టణములో ఆమెకు అక్కరకు వచ్చినవి ఇవే.

1820లో, పదునారు సంవత్సరముల ప్రాయమందు, సారా సేలెమ్‌లోని మొదటి బాప్టిస్టు సంఘములో బాప్తిస్మము పొందెను. అటు పిమ్మట అన్యజనులకు సువార్త ప్రకటింపవలెనను ఆశ ఆమెలో పెరుగుచుండెను. పెద్దకూతురు ఇల్లు విడిచి పోవలెనని కోరుట తగునా అని తన్ను తానే అడుగుకొని, ఆ ఆశను కొంతకాలము అణచుకొనెను. 1822లో కోల్మన్ అను యౌవన మిషనెరీ అరకాను సరిహద్దున కాక్స్ బజారులో జ్వరముచేత మరణించెను. ఆ వార్త విని సారా ఒక స్మృతి పద్యము వ్రాసెను. అది అచ్చయ్యెను. అదే మరణవార్త విని, ఆ ఖాళీ స్థలమునకు నేను పోవుదునని తీర్మానించుకొన్న మరియొక యౌవనుడుండెను. అతడు మెయిన్ రాష్ట్రములో ఒక బాప్టిస్టు కాపరికి 1801లో పుట్టిన జార్జి డేనా బోర్డ్‌మన్. ఆ పద్యమును చదివి, దానిని వ్రాసినది ఎవరని విచారించి, ఆమెను కనుగొనెను. ఇక్కడ ఒక మాట చెప్పవలెను. అనేకులు ఈమె భర్తను వెంబడించి మిషనెరీ అయ్యెనని తలంచుచున్నారు. అట్లు కాదు. పిలుపు ఇద్దరికిని వేరువేరుగా వచ్చెను. పెండ్లి తరువాత జరిగెను.

తలిదండ్రులు మొదట ఒప్పుకొనలేదు. పెద్దకూతురిని సముద్రముల కావలికి పంపుటయనగా మరల చూడకపోవుటయే అని వారికి తెలియును. తుదకు ఒప్పుకొనినను, ఆ ఒప్పుదల మనస్ఫూర్తిగా ఇచ్చినదా కాదా అని సారాకు సందేహముండెను. బయలుదేరు దినమున ఆమె బండిలోనుండి వంగి, మనసార పంపుచున్నావా అని తండ్రిని అడిగి, ఆయన నోట అవునన్న మాట విని వెళ్లెను. 1825 జూలైలో వివాహము, అదే నెలలో ఫిలదెల్ఫియా రేవున ఓడప్రయాణము, డిసెంబరులో కలకత్తా. బర్మాలో అప్పుడు యుద్ధము జరుగుచుండుటచేత వారు 1827 వరకు కలకత్తాలోనే నిలిచి బర్మా భాష నేర్చుకొనిరి. వారి మొదటి బిడ్డ అక్కడనే పుట్టెను.

1827లో వారు మౌల్మేను చేరిరి. ఊరి వెలుపల వెదురు ఇల్లు. ఒక రాత్రి దొంగలు దోమతెరను కోసి, నిద్రించువారి ప్రక్కననే నిలిచి, ఉన్నదంతయు దోచుకొని పోయిరి. తెల్లవారి ఆ తెరలోని చీలికలను చూచి, ప్రాణములతో మిగిలినందుకు ఆమె దేవుని స్తుతించెను. 1828లో వారు దక్షిణముగా టవాయి పట్టణమునకు, అనగా ఇప్పటి దావెయికి పోయిరి. అక్కడ మిషనెరీలెవరును లేరు. వీరే మొదటివారు.

వారితో పోయిన కో తా బ్యూ అను కరెను జాతివాడు మునుపు అనేకులను చంపిన బందిపోటు. అప్పులో చిక్కి దాసుడైన అతనిని విడిపించి క్రీస్తు నొద్దకు నడిపిరి. టవాయిలో 1828 మే 16న బోర్డ్‌మన్ దొర అతనికి బాప్తిస్మమిచ్చెను. కొండలలో నివసించు కరెనులకు అతడే మొదటి సువార్తికుడాయెను. అదే సంవత్సరము కొండనుండి కొందరు కరెనులు ఒక పుస్తకమును భద్రముగా గుడ్డలలో చుట్టి బుట్టలో పెట్టి తెచ్చిరి. పండ్రెండేండ్లుగా దానిని చదువలేకపోయినను పూజించుచుండిరట. విప్పి చూడగా అది కీర్తనల గ్రంథముతో కూడిన ఇంగ్లాండు సంఘపు ప్రార్థన పుస్తకము. దానిని పూజింపకూడదనియు, అందులో చెప్పబడిన దేవునినే పూజింపవలెననియు దొరగారు వారికి బోధించెను.

ఈ సంతోషముల నడుమ దుఃఖములు త్వరత్వరగా వచ్చెను. 1829 జూలైలో పెద్దబిడ్డ, మూడేండ్లు నిండని సారా ఆన్, చనిపోయెను. నెల తిరిగినదో లేదో టవాయిలో తిరుగుబాటు లేచెను. తుపాకి గుండ్ల నడుమ ఏడాది బిడ్డ జార్జిని ఎత్తుకొని, ఓడరేవునందలి ఒక కొయ్య యింటిలో వందలమంది జనముతోకూడ తలదాచుకొనవలసి వచ్చెను. 1830లో మూడవ బిడ్డయు చనిపోయెను. దొరగారికి క్షయరోగము ముదిరెను.

1831 ఫిబ్రవరిలో, కొండలలో అనేకులు బాప్తిస్మమునకు కనిపెట్టియున్నారని కబురు రాగా, నడువలేని ఆయనను మంచముమీద మోసికొని పోయిరి. మూడు దినముల ప్రయాణము. భార్యయు, క్రొత్తగా వచ్చిన ఫ్రాన్సిస్ మేసన్ దొరయు వెంట వెళ్లిరి. సాయంకాలము ఏటియొడ్డున ఆయన మంచమును దించిరి. మేసన్ దొర ముప్పదినలుగురికి బాప్తిస్మమియ్యగా ఆయన చూచెను. మరునాడు తిరుగు ప్రయాణములో, వానలో తడిసి, పట్టణము చేరక మునుపే ఆయన నిద్రించెను. అది ఫిబ్రవరి 11వ తేదీ. ఆయనకు ముప్పది నిండి మూడు దినములు. టవాయిలో ఆయనను తన చిన్న కుమార్తె ప్రక్కనే పాతిపెట్టిరి.

సారాకు అప్పుడు ఇరువదియేడు సంవత్సరములు. చేతిలో రెండున్నర యేండ్ల కుమారుడు. ఆ కాలమున మిషనెరీ మరణించినయెడల అతని విధవరాలు స్వదేశమునకు తిరిగి పోవుటయే వాడుక. ఎవరును ఆమెను తప్పు పట్టియుండరు. సేలెమ్‌లో తలిదండ్రులు బ్రదికి యుండిరి. ఆమెయు ఆ సంగతిని ప్రార్థనతో ఆలోచించెను. కాని ఆమె ఆలోచించుచున్నంతలో కొండలనుండి కరెనులు వచ్చుచునే యుండిరి. వాక్యము నేర్చుకొనువారు, వివాదములు తీర్చమనువారు, రోగులు. బడి పిల్లలు ప్రతి ఉదయము వచ్చి కూర్చుండుచుండిరి. ఉదయము మొదలు రాత్రి పదిగంటలవరకు తనకు తీరిక లేకుండెనని ఆమె వ్రాసికొనెను. ఆమె తీర్మానము ఒక దర్శనమువలనగాని, ఆకాశ శబ్దమువలనగాని కలుగలేదు. ఇంటిలో ఏమున్నదని చూచుకొనగా, పని యుండెను. బర్మా భాష యుండెను. బడి యుండెను. ఆ కుండనుండియే పోయుట మొదలు పెట్టెను.

ఆమె బాలికల బడులు ఎంత చక్కగా నడచెననగా, ఇంగ్లీషు ప్రభుత్వమువారు ఆ ప్రాంతములలో బడులు పెట్టదలచినప్పుడు ఆమె బడులనే మాదిరిగా తీసికొనిరి. ధనసహాయము చేయుదుము, కాని మతబోధ యుండరాదు అనునది వారి నియమము. అక్కరలో నున్న విధవరాలికి అది సామాన్యమైన శోధన కాదు. క్రీస్తును బోధింపక నేను బడి నడుపలేనని ఆమె మర్యాదగా, స్పష్టముగా అధికారికి వ్రాసెను. అధికారి ఆమె మనస్సాక్షిని గౌరవించి, ఆమె విషయమున నియమమును సడలించెను. ఇది పోట్లాడి సాధించినది కాదు. ఒక మంచి ఉత్తరము వ్రాసి సాధించినది.

ఎండకాలమున ఆమె కొండలలోనికి పోవుచుండెను. వాగులు దాటి, ముండ్లపొదలగుండ నడచి, ఊరూరను సంఘములను దర్శించెను. చిన్న జార్జిని కరెను సహోదరులు వంతులవారిగా మోసికొని పోవుచు, వానిని ముద్దుగా చిన్నదొర అని పిలుచుచుండిరి. ఆమెకు కరెను భాష రాదు. ఆమె బర్మా భాషలో చెప్పగా వేరొకరు కరెను భాషలోనికి తిప్పి చెప్పిరి. రెండు మూడువందలమంది కూడిన ఆరాధనలను కూడ ఆమె నడిపెను. స్త్రీ పురుషులకు బోధింపవచ్చునా అని ఆ కాలమున ప్రశ్న లేకపోలేదు. ఆమెయు ముందుకు దూకిన మనిషి కాదు. కాపరి లేనందున గొఱ్ఱెలు పస్తుండకూడదని మాత్రము ఆమె ఎరుగును. ఈ విషయమున ఆమె ప్రసంగ పీఠమును కోరలేదని కొందరు ఆమెను మెచ్చుకొందురు. నేను మాత్రము ఆమె ఆ కొండలెక్కినందుకు మెచ్చుకొందును.

ఇట్లు మూడేండ్లు గడిచెను. 1826లో భార్యను, మరుసటి ఏడు బిడ్డను పోగొట్టుకొనిన అదోనిరాము జడ్సన్ దొర 1834 జనవరి 31న బర్మా భాషలో బైబిలు తర్జుమా ముగించెను. ఏప్రిలు 10న టవాయిలో వారికి వివాహము జరుగగా, ఆమె మౌల్మేనునకు వచ్చెను. ఆ యేటి చివర, ఆరేండ్ల జార్జిని ఆరోగ్యము కొరకును చదువు కొరకును ఒంటరిగా అమెరికాకు పంపవలసి వచ్చెను. దారిలో సింగపూరు దగ్గర అతడున్న చిన్న పడవపై దొంగలు పడగా, పిల్లవాడు బల్లక్రింద దాగి బ్రదికెను. తల్లి అతనిని మరల ఎన్నడును చూడలేదు. ఈ యెడబాటును మనము పొగడ్తలతో కప్పిపుచ్చరాదు. ఆ కాలపు మిషనెరీలు ఇదియే సరియని నమ్మిరి. ఆ పిల్లలు చెల్లించిన వెల కూడ పరలోకమందు వ్రాయబడియే యుండును.

జడ్సన్ దొరతో కాపురము చేసిన పదునొకండేండ్లలో ఆమెకు ఎనిమిది కాన్పులు. పెద్దకూతురిగా నేర్చిన విద్య ఇక్కడ మరల అక్కరకు వచ్చెను. ఆ ఊయల ప్రక్కననే బల్ల వేసికొని, జాన్ బనియన్ రచించిన యాత్రికుని ప్రయాణము మొదటి భాగమును బర్మా భాషలోనికి మార్చెను. బర్మా పాటలు, ఆదివారపు బడికి ప్రశ్నల పుస్తకములు వ్రాసెను. మోను జాతివారికి గ్రంథములు లేవని, పెద్ద వయస్సున వారి భాషను కూడ నేర్చి, ఆ భాషలో సువార్త పుస్తకములు సిద్ధమగుటకు తోడ్పడెను. బడికి పోనియ్యని ఇంటిలోని పిల్ల మూడవ భాషలో పుస్తకములు సరిచూచుచుండెను!

1845లో జబ్బు ముదిరి, ఓడప్రయాణమే గతియని వైద్యులు చెప్పగా, పెద్దపిల్లలు ముగ్గురితో దంపతులు ఏప్రిలులో బయలుదేరిరి. చిన్నపిల్లలు ముగ్గురు మౌల్మేనులో స్నేహితుల యొద్ద నుండిరి. మారిషసు దీవికి వచ్చువరకు ఆమెకు కొంత నెమ్మది కలిగెను. అప్పుడు ఆమె, నీవు నీ పనికి తిరిగి పొమ్ము, నేను ఒంటరిగా పోవుదునని భర్తతో చెప్పి, ఆ యెడబాటునుగూర్చి ఒక పద్యము వ్రాసెను. అదే ఆమె చివరి పద్యము. జబ్బు తిరుగబెట్టుటచేత ఆయన ఆమెను విడువలేదు. సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారుజామున, సెయింట్ హెలీనా దీవి రేవులో, ఓడలోనే ఆమె ప్రభువునందు నిద్రించెను. మౌల్మేనులో విడిచి వచ్చిన చిన్న చార్లెసు ఆగస్టులోనే మృతినొందిన సంగతి ఆమెకు తెలియదు. ఆ మధ్యాహ్నమే దీవిలో, సింహళములో సేవచేసి అట్లే దారిలో మరణించిన చేటర్ దొరసాని సమాధి ప్రక్కన ఆమెను పాతిపెట్టిరి. సాయంకాలమునకు ఓడ తెరచాప లెత్తెను.

ఆమె జీవితచరిత్రను వ్రాసినది ఎవరో తెలిసినయెడల చదువరులు ఆశ్చర్యపడుదురు. జడ్సన్ దొర మూడవ భార్యయైన ఎమిలీ దొరసానియే దానిని వ్రాసెను. అది 1848లో అచ్చయ్యెను. తనకు ముందున్న భార్యను గూర్చి అంత ప్రేమతో వ్రాయుట అందరికి సాధ్యమైన పని కాదు. రెండేండ్లకు, 1850 ఏప్రిలు 12న, జడ్సన్ దొర సముద్రముమీద మరణించెను. గర్భవతియై మౌల్మేనులో నున్న ఎమిలీ దొరసానికి ఆ వార్త నాలుగు నెలలకుగాని అందలేదు. ఆ లోపల పుట్టిన బిడ్డయు దక్కలేదు. ఇప్పుడు ఆమెయు మిషనెరీ విధవరాలే. కాని సారావలె ఆమె నిలువలేదు. ఆమె ఊపిరితిత్తుల జబ్బు ఆ దేశమున నిలువనీయలేదు. సారా కన్న హెన్రీ, ఎడ్వర్డ్ అను ఇద్దరు చిన్నవారినిని, తన కుమార్తెనును తీసికొని 1851లో అమెరికాకు బయలుదేరి, అక్కడ చెదరియున్న పిల్లలనందరిని సమకూర్చెను. ఎలీషా యొద్దకు వచ్చిన స్త్రీ ఇంటిలో నూనె యుండెను. ఈమె ఇంటిలో ఉన్నది ఆ పిల్లలే. నిలుచుటకు ఒకతెకు, తిరిగి పోవుటకు మరియొకతెకు దేవుడు కృప యిచ్చెను. ఇద్దరిలో ఎవరు గొప్ప అని మన స్త్రీల కూటములలో వాదించుట వ్యర్థము.

ఎమిలీ దొరసాని 1854లో చనిపోయెను. ఆమె ఒడిలో అమెరికా చేరిన ఎడ్వర్డ్ తరువాత న్యూయార్కు నగరములో కాపరియై, 1883లో తండ్రి చరిత్ర వ్రాసెను. టవాయి కొండలలో చిన్నదొర అనిపించుకొనిన జార్జి ఫిలదెల్ఫియాలోని మొదటి బాప్టిస్టు సంఘమునకు 1864 మొదలు 1894 వరకు ముప్పది యేండ్లు కాపరిగా నుండెను. 1825లో అతని తలిదండ్రులు ఓడ యెక్కిన పట్టణము అదే.